దత్తత: ముందస్తు ప్రణాళిక, కుటుంబానికి వృత్తిపరమైన తోడ్పాటు

ఉపోద్ఘాతం

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్తుంటే హకీంపేట దాటాక తూంకుంట, ఆ తరువాత శామీర్‌పేట వస్తాయి. తూంకుంట ఒకప్పుడు గ్రామ పంచాయతీ, తరువాత మున్సిపాలిటీ అయింది. పాత ఊరి ఇళ్ళ పక్కనే కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇక్కడ ఒక జంట ఉందనుకోండి. ఆయన వయసు 46, ఆమెకు 41. పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోయారు. “ఒక బిడ్డను తెచ్చి పెంచుకుందాం” అన్న మాట ఇంట్లో మొదటిసారి పైకి వచ్చింది. ఆ మాట నుంచి బిడ్డ ఇంటికి వచ్చే రోజు దాకా, ఆ తరువాత కూడా, ఈ జంట ఏమేం సిద్ధం చేసుకోవాలి? ఎవరి సాయం తీసుకోవాలి? ఈ పాఠంలో మీరు తెలుసుకోబోయేది అదే. ఈ జంట ఊహించినదే గాని, వారి ముందున్న చట్టాలు, కార్యాలయాలు, ఇబ్బందులు నిజమైనవి.

పెంపకం వేరు, దత్తత వేరు

మన ఇళ్ళల్లో “పెంచుకోవడం” అనే మాట చాలా విశాలమైనది. అన్న కొడుకును తమ్ముడు పెంచుకుంటాడు, అక్క కూతురు పెద్దమ్మ దగ్గర పెరుగుతుంది. బడిలో తండ్రి పేరు ఒకరిది, అన్నం పెట్టేది మరొకరు. ప్రేమలో ఏ లోటూ ఉండకపోవచ్చు. కానీ చట్టం దృష్టిలో పెంపకం దత్తత కాదు. పెంచినవారు వీలునామా రాయకుండా మరణిస్తే, పెరిగిన బిడ్డకు వారి ఆస్తిలో వారసత్వ హక్కు రాదు. ఆ సంగతి చాలా కుటుంబాలకు పెద్దకర్మ రోజున, బంధువులంతా చేరినప్పుడు గాని తెలియదు.

పూర్వం దత్తతను పెద్దల కోణం నుంచే చూసేవారు. పిండప్రదానానికి కొడుకు కావాలి, ఆస్తికి వారసుడు కావాలి. అందుకే వివాదాలు కూడా అలాంటివే వచ్చేవి. ఒకే ఒక్క కొడుకును దత్తత ఇవ్వవచ్చా అన్న ప్రశ్న మద్రాసు రాష్ట్రం నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. బాలుసు గురులింగస్వామి కేసులో 1899లో ఆ దత్తత చెల్లుతుందని తీర్పు వచ్చింది. ఆ కాలపు వాదనలు ఎంత చదివినా, ఇచ్చిన పిల్లవాడు ఏమనుకున్నాడన్నది ఎక్కడా కనిపించదు. నేటి చట్టం ఆ చూపును తిరగేసింది: బిడ్డకు కుటుంబం దొరకడం మొదటి లక్ష్యం, కుటుంబానికి బిడ్డ దొరకడం ఆ తరువాతిది. దరఖాస్తు చేసే జంట ముందుగా మనసుకు పట్టించుకోవలసిన విషయం ఇది.

రెండు చట్టాలు

మన దేశంలో దత్తతకు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956. బంధువుల మధ్య జరిగే దత్తతలు ఎక్కువగా దీని కింద జరుగుతాయి. సాధారణంగా బిడ్డ వయసు 15 ఏళ్ళు నిండి ఉండకూడదు, పెళ్ళయి ఉండకూడదు. ఆడపిల్లను పురుషుడు, మగపిల్లవాడిని స్త్రీ దత్తత తీసుకుంటే ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ళ తేడా ఉండాలి. బిడ్డను కన్నవారు ఇవ్వడం, పెంచేవారు స్వీకరించడం వాస్తవంగా జరగాలి. దత్తహోమం తప్పనిసరి కాదని ఆ చట్టమే చెబుతోంది. దత్తత పత్రాన్ని రిజిస్టర్ చేయించుకుంటే, దత్తత సక్రమంగా జరిగిందన్న భావనతో కోర్టు మొదలుపెడుతుంది. ఇచ్చిపుచ్చుకోవడంలో డబ్బు చేతులు మారడం నేరం.

రెండవది బాల న్యాయ చట్టం, 2015. అనాథలు, విడిచిపెట్టబడినవారు, కన్నవారు అప్పగించినవారు అయిన పిల్లల దత్తత దీని కిందికి వస్తుంది. మతంతో సంబంధం లేదు. ముస్లింలు, క్రైస్తవులు కూడా ఈ దారిలో దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇష్టంలేని వారిని ఈ చట్టం బలవంతపెట్టదు. దీని అమలును కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ చూస్తుంది. అందరూ దానిని “కారా” అంటారు. దరఖాస్తులన్నీ దాని ఆన్‌లైన్ పోర్టల్‌లోనే నమోదవుతాయి.

ఒక బిడ్డ దత్తతకు “చట్టపరంగా స్వేచ్ఛ” పొందడానికి సమయం ఎందుకు పడుతుందో మీరు అర్థం చేసుకోవాలి. ఊయలలో వదిలేసిన పసికందు దొరికితే ఆ బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువస్తారు. కన్నవారి కోసం వెతుకుతారు. రెండేళ్ళ లోపు పిల్లలకు రెండు నెలలు, అంతకు పైబడినవారికి నాలుగు నెలలు ఇందుకు గడువు. తల్లే స్వయంగా బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజులుంటాయి. బయట ఎదురుచూసే జంటకు ఇది కార్యాలయాల జాప్యంలా కనిపిస్తుంది. ఆ తల్లి వైపు నిలబడి చూస్తే ఆ అరవై రోజులు ఎంత తక్కువో తెలుస్తుంది.

అడ్డదారి ఖరీదు

ఎదురుచూపు పొడవైనది. పూర్తి ఆరోగ్యంతో ఉన్న పసిబిడ్డ కోసం మూడేళ్ళకు పైగా ఆగవలసి రావడం ఇప్పుడు మామూలే. సరిగ్గా ఈ అసహనం మీదనే మధ్యవర్తులు బతుకుతారు.

2024 మే నెలలో మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, మేడిపల్లి పోలీసులు పసిపిల్లలను అమ్మే ముఠాను పట్టుకున్నారు. పదిమందికి పైగా పిల్లలను, వారిని కొని పెంచుకుంటున్న ఇళ్ళ నుంచి తీసుకువచ్చి ప్రభుత్వ సంరక్షణలో ఉంచారు. ఆ పెంచినవారిలో చాలామంది మన పక్కింట్లో ఉండే మామూలు మనుషులే. బిడ్డ తమను “అమ్మా” అని పిలిచే వయసుకు వచ్చాక వచ్చి తీసుకువెళ్ళారు. కొందరు కోర్టుకెక్కారు. వ్యవహారం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు చేరింది. 2025లో సుప్రీంకోర్టు, ఆ కేసు ప్రత్యేక పరిస్థితులను, పిల్లల మేలును దృష్టిలో పెట్టుకుని, తన ముందుకు వచ్చిన తల్లిదండ్రులకు పిల్లలను తిరిగి అప్పగించింది. ఈలోగా ఏడాదికి పైగా గడిచింది. రెండేళ్ళ పిల్లకు ఏడాది అంటే సగం జీవితం.

దీని నుంచి “చివరికి కోర్టు ఇచ్చేస్తుందిలే” అన్న పాఠం నేర్చుకునేవారూ ఉంటారు. అది తప్పు. చట్టం నిర్దేశించిన పద్ధతిని తప్పించి బిడ్డను తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లలను అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష ఉంది. ఇది ఈనాటి సమస్య కూడా కాదు. 1999-2001 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా నల్లగొండ జిల్లా లంబాడా తండాలలో పేద తల్లుల నుంచి ఆడశిశువులను కొని, దత్తత పేరుతో విదేశాలకు కూడా పంపిన వ్యవహారాలు బయటపడి పెద్ద దుమారం రేగింది. నేడు బిడ్డను అప్పగించే ప్రతి తల్లీ సమితి ముందుకే రావాలని చట్టం పట్టుబట్టడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

దరఖాస్తుకు ముందు

మన తూంకుంట జంట దగ్గరకు తిరిగి వద్దాం. 2022 దత్తత నిబంధనల ప్రకారం దంపతుల వయసులను కలిపి చూస్తారు. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే ఆ మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు 100, ఆపైన 110. ఒంటరిగా దత్తత తీసుకునేవారికి ఈ పరిమితులు వరుసగా 40, 45, 50, 55. బిడ్డకూ తల్లిదండ్రులలో ఎవరికైనా మధ్య కనీసం 25 ఏళ్ళ తేడా ఉండాలి. దంపతులైతే కనీసం రెండేళ్ళ స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి, ఇద్దరి సమ్మతీ కావాలి. ఒంటరి పురుషుడు ఆడపిల్లను దత్తత తీసుకోలేడు. ఇప్పటికే ఇద్దరు, అంతకు మించి పిల్లలున్నవారికి సాధారణంగా ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, కుటుంబం దొరకడం కష్టమైన పిల్లలను మాత్రమే చూపిస్తారు.

46, 41 కలిపితే 87. అంటే ఈ జంటకు చంటిబిడ్డ రాదు. వయసును నమోదు చేసుకున్న తేదీ నాటికి లెక్కిస్తారు కాబట్టి, రెండేళ్ళ ముందు నమోదు చేసుకుని ఉంటే మొత్తం 83 అయ్యేది. “ఇంకొక్కసారి చికిత్స ప్రయత్నించి చూద్దాం” అనుకుంటూ గడిపేవారికి ఈ లెక్క ముందే ఎవరో ఒకరు చెప్పాలి. సంతాన సాఫల్య చికిత్స చేసే వైద్యులు చెప్పడం అరుదు.

ఇప్పుడు వారి ముందున్న ప్రశ్న మారింది. మూడేళ్ళ పాప వస్తే? ఇక్కడే కౌన్సిలర్‌తో మొదటి మాట అవసరమవుతుంది. తమకు పుట్టబోడని తెలిసిన బిడ్డ కోసం ఈ ఇద్దరూ ఇంకా లోలోపల ఏడుస్తూ ఉండవచ్చు. ఆ దుఃఖం తీరకుండా వచ్చే బిడ్డ, పుట్టని బిడ్డతో పోటీ పడవలసి వస్తుంది. భార్య సిద్ధంగా ఉండి భర్త మొహమాటానికి తల ఊపుతున్నాడా, లేక అత్తగారి మాటలు పడలేక ఇద్దరూ తొందరపడుతున్నారా అన్నది తేల్చుకోవలసిన సమయం కూడా ఇదే. బిడ్డ వచ్చాక తేల్చుకోవడం బిడ్డకు అన్యాయం.

ఇంట్లో పెద్దలతో మాట్లాడడం మరొకటి. “ఏ కులమో, ఎవరికి పుట్టిందో” అన్న మాట చాలా ఇళ్ళల్లో వస్తుంది. దరఖాస్తులో బిడ్డ కులం, మతం ఎంచుకునే వీలు లేదు. ఆడపిల్లా మగపిల్లవాడా, వయసు, ఆరోగ్య స్థితి, రాష్ట్రం వంటివే అడుగుతారు. తాత, నానమ్మ బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారా లేదా అన్నది చిన్న విషయం కాదు. వారిని ఒప్పించడం కష్టమైతే ఒకసారి వారిని కూడా కౌన్సిలర్ దగ్గరకు తీసుకువెళ్ళండి. కొడుకు చెబితే వినని మాట, పరాయి మనిషి మర్యాదగా చెబితే వినే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు.

సెలవుల సంగతి కూడా ముందే చూసుకోవాలి. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ, మూడు నెలల లోపు శిశువును దత్తత తీసుకున్న తల్లికి 12 వారాల సెలవు ఇచ్చింది. దత్తతకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసు దాటే వస్తారు కాబట్టి ఆ సవరణ చాలామందికి అందలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి ఏడాది లోపు బిడ్డ అయితే 180 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగులు తమ సంస్థ నియమాలను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. మన జంటకు రాబోయేది మూడేళ్ళ పాప కనుక ఇద్దరూ వంతులవారీగా సెలవు పెట్టడానికి ఇప్పటి నుంచే సెలవులు దాచుకోవాలి.

ఇంటికి వచ్చే సామాజిక కార్యకర్త

పోర్టల్‌లో నమోదు చేసుకున్నాక వయసు, నివాసం, ఆదాయం, వివాహం, ఆరోగ్యం వంటి వాటి పత్రాలు 30 రోజుల్లో ఎక్కించాలి. కంప్యూటర్ అలవాటు లేనివారికి జిల్లా బాలల పరిరక్షణ విభాగం సాయం చేస్తుంది. ఆ తరువాత ప్రత్యేక దత్తత సంస్థ తరఫున సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి గృహ అధ్యయన నివేదిక తయారుచేస్తారు. పత్రాలు అందిన 60 రోజుల్లో ఇది పూర్తి కావాలి. నివేదిక మూడేళ్ళు చెల్లుతుంది.

ఈ రాకను చాలామంది తనిఖీ అనుకుంటారు. ఇల్లు సున్నం వేయిస్తారు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు తెచ్చిపెడతారు, అడిగిన ప్రతిదానికీ “అంతా బాగుందండీ” అంటారు. సొంత ఇల్లు ఉందా, కారు ఉందా అన్నది ఆమెకు పెద్దగా అక్కరలేదు. మీ ఇద్దరి మధ్య గొడవ వస్తే ఎలా సర్దుకుంటారు, మీ చిన్నతనంలో మిమ్మల్ని ఎలా పెంచారు, పిల్ల అబద్ధమాడితే ఏం చేస్తారు, మీకేమైనా అయితే బిడ్డను ఎవరు చూసుకుంటారు వంటివి అడుగుతారు. “మా ఇద్దరికీ ఇప్పుడిప్పుడే మాటలు కలుస్తున్నాయి” అని నిజం చెప్పిన జంటకు ఆమె సాయం చేయగలదు. అంతా బాగుందన్న జంటకు చేయలేదు. వృత్తిపరమైన తోడ్పాటు అన్న మాటకు మొదటి అర్థం ఇక్కడే ఉంది.

మీలో సామాజిక సేవా రంగంలోకి వెళ్ళాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. ఆ ఇంట్లో మీరు వింటున్నవి, కొన్నిసార్లు ఆ దంపతులు ఒకరికొకరు ఎన్నడూ చెప్పుకోనివి. అవి మీ కాగితాల్లోంచి వీధిలోకి రాకూడదు.

బిడ్డ వివరాలు వచ్చిన రోజు

వంతు వచ్చినప్పుడు ఒక బిడ్డ ఫోటో, బిడ్డ అధ్యయన నివేదిక, వైద్య పరీక్ష నివేదిక పోర్టల్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లో ఆ బిడ్డను తమ కోసం నిలిపి ఉంచుకోవాలి. ఏళ్ళ తరబడి ఆగినవారికి రెండు రోజులే ఇస్తారు. అందుకే పిల్లల వైద్యుడిని ముందే మాట్లాడి పెట్టుకోండి. తక్కువ బరువు, ఆలస్యంగా నడక, పుట్టినప్పటి చిన్న లోపం వంటి మాటలు నివేదికలో ఉంటే భయపడిపోతారు. వాటిలో ఏది మంచి తిండితో, ఆటపాటలతో సర్దుకుంటుందో, దేనికి దీర్ఘకాలం వైద్యం కావాలో వైద్యుడు చెప్పగలడు. నిలిపి ఉంచాక 30 రోజుల్లో సంస్థకు వెళ్ళి బిడ్డను కలిసి, అంగీకారం తెలపాలి. ఐదేళ్ళు దాటిన పిల్లలైతే వారి సమ్మతి కూడా తీసుకుంటారు. బిడ్డ కూడా మిమ్మల్ని ఎంచుకుంటుందన్నమాట.

అంగీకారం తరువాత బిడ్డను దత్తతకు ముందు సంరక్షణ కింద ఇంటికి పంపుతారు, ఆదేశం కోసం దరఖాస్తు వెళ్తుంది. 2022 సెప్టెంబరు 1 దాకా ఈ ఆదేశం కోర్టు ఇచ్చేది. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టర్, రెండు నెలల్లో ఇవ్వాలి. మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోని కొత్త భవనానికి వచ్చింది 2022 ఆగస్టులోనే. తూంకుంటవారికి దగ్గర. అయితే మన జంట ఆదేశం కూడా ఇక్కడి నుంచే వస్తుందనుకోకండి. బిడ్డ ఉన్న దత్తత సంస్థ ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కలెక్టర్ ఇస్తారు. బిడ్డ ఆదిలాబాద్ శిశుగృహలో ఉండవచ్చు, వేరే రాష్ట్రంలోనూ ఉండవచ్చు. ఫీజులు నిబంధనల్లోనే నిర్ణయించి ఉన్నాయి. రసీదు లేకుండా ఎవరు ఎంత అడిగినా ఇవ్వకండి.

ఇంటికి వచ్చిన తరువాత

మూడేళ్ళ పాప ఇంటికి వచ్చింది. మొదటి వారం అందరూ మురిసిపోయారు. అడిగినవారందరి ఒళ్ళోకీ ఎక్కుతోంది. “ఎంత కలుపుగోలు పిల్లో!” అన్నారు చుట్టాలు. పిల్లల సంరక్షణ తెలిసినవారు ఇక్కడ కొంచెం ఆగి చూస్తారు. సంస్థలో పెరిగిన పిల్ల కొత్తా పాతా తేడా లేకుండా అందరి దగ్గరకూ వెళ్ళడం, తనకంటూ ఒకరు ఉన్నారన్న నమ్మకం ఇంకా కుదరలేదనడానికి గుర్తు కావచ్చు. అందుకే మొదటి నెలల్లో అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం, స్నానం చేయించడం తల్లిదండ్రులే చేయాలి. వచ్చీపోయే చుట్టాలను తగ్గించుకోవాలి. బారసాల, విందు కొన్ని నెలలు ఆగితే నష్టం లేదు.

ఆ తరువాత కష్టాలు మొదలవుతాయి. రొట్టె ముక్కలు దిండు కింద దాస్తుంది, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది. అమ్మను కొడుతుంది, నాన్న బయటికి వెళ్తే తలుపు దగ్గరే కూర్చుంటుంది. హిందీ తప్ప రాని పిల్లకు తెలుగు ఇంట్లో అంతా కొత్త. ఇవి మొండితనమనుకుని కొడితే ఉన్న నమ్మకం కూడా పోతుంది. వంటింట్లో ఒక డబ్బాలో తినేవి పెట్టి “ఇది ఎప్పుడూ నీదే” అని చూపించిన తల్లి, కొన్ని వారాల్లో దిండు కింద ముక్కలు తగ్గడం గమనిస్తుంది.

తల్లికి కూడా తెలియని దిగులు రావచ్చు. ఇన్నేళ్ళు కోరుకున్న బిడ్డ వచ్చాక కూడా ప్రేమ పుట్టడం లేదేమిటని తనను తాను తిట్టుకుంటుంది. కన్న తల్లులకు ప్రసవం తరువాత వచ్చినట్టే దత్తత తల్లిదండ్రులకూ కుంగుబాటు వస్తుంది. సిగ్గుపడి దాచుకోవలసిన విషయం కాదు. మానసిక ఆరోగ్య సలహాకు టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. దత్తత సంస్థ వారు రెండేళ్ళ పాటు ప్రతి ఆరు నెలలకూ వచ్చి చూస్తారు. ఆ రాకలను కూడా “అంతా బాగుంది” అని దాటవేయకుండా వాడుకోండి. మాటలు, నడక ఆలస్యమైన పిల్లలకు జిల్లా సత్వర చికిత్స కేంద్రాలున్నాయి. బుద్ధి వికాసానికి సంబంధించిన సందేహాలుంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో పరీక్ష చేయిస్తారు. తూంకుంట నుంచి అది అదే రహదారి వైపు ప్రయాణం.

నిజం చెప్పడం

బిడ్డకు ఎప్పుడు చెప్పాలి? “పెద్దయ్యాక చెబుదాం” అన్నది మన ఇళ్ళల్లో సాధారణంగా వినే సమాధానం. నిపుణులు దీనిని ఒప్పుకోరు. ఎందుకంటే చెప్పాలనుకునే ఆ రోజు రాకముందే పెళ్ళిలో ఎవరో పెద్దమ్మ, గొడవలో ఎవరో పిల్లవాడు చెప్పేస్తారు. నిజం కంటే, ఇన్నేళ్ళు దాచారన్న సంగతే ఎక్కువ గాయం చేస్తుంది. అందుకే బిడ్డకు మాటలు రాకముందే మొదలుపెట్టమంటారు. నిద్రపుచ్చేటప్పుడు “నిన్ను తీసుకురావడానికి మేము రైలెక్కి వెళ్ళాం” అని కథలా చెబితే చాలు. తొలిసారి చెప్పేటప్పుడు వణికేది అమ్మే, బిడ్డ కాదు. బిడ్డ పెరిగేకొద్దీ ప్రశ్నలు మారతాయి. నాలుగేళ్ళప్పుడు “రైలు ఎంత పెద్దది?” అని అడిగిన పిల్ల, పదేళ్ళప్పుడు “నన్ను ఎందుకు వదిలేసింది?” అని అడుగుతుంది. ఆ తల్లిని తిట్టకుండా, లేని కథలు అల్లకుండా, తెలిసినంత చెప్పాలి.

బడిలో వంశవృక్షం గీయమన్న రోజున కూడా ఈ ప్రశ్న వస్తుంది. బిడ్డకు ఇష్టమైతే టీచరుకు ముందే చెప్పి ఉంచవచ్చు. జనన ధ్రువపత్రంలో దత్తత తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి కాబట్టి బడిలో చేర్చడానికి వేరే కాగితాలు అక్కరలేదు. 18 ఏళ్ళు నిండాక బిడ్డ తన మూలాలు తెలుసుకోవాలనుకుంటే తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కన్నతల్లి గోప్యతను కాపాడుతూనే, ఉన్న సమాచారం ఇస్తారు. అందుకే సంస్థ ఇచ్చిన ప్రతి కాగితాన్ని, బిడ్డతో వచ్చిన పాత గౌనును, మొదటి ఫోటోను ఒక పెట్టెలో దాచి ఉంచండి.

కృత్యం

భర్తకు 44, భార్యకు 40 ఏళ్ళున్న ఒక జంట ఈ రోజు నమోదు చేసుకుంటే ఏ వయసు బిడ్డకు అర్హులో లెక్కించండి. ఆ ఇంట్లో నానమ్మ దత్తతకు ఒప్పుకోవడం లేదనుకుని, మీరే సామాజిక కార్యకర్తగా వెళ్తే ఆమెను మొదట ఏమి అడుగుతారో పది వాక్యాలలో రాయండి. మీ జిల్లాలోని బాలల పరిరక్షణ విభాగం ఎక్కడుందో కనుక్కుని, వీలైతే వెళ్ళి అక్కడి అధికారితో మాట్లాడి, సంప్రదింపు తరగతికి మీ నోట్స్ తీసుకురండి.